దేవుడు కలిపిన రక్తం

మా వదిన పిల్లనడగడానికి వచ్చిన రోజు ఒకటే వాన. అరకు నుంచి మా ఊరికి ఎక్కే దారిలో ఆటో బురదలో కూరుకుపోతే, మిగతా దూరం నడిచే వచ్చింది మనిషి. తల మీద గోనెపట్టా, చంకలో సంచి, సంచిలోంచి పైకి కనబడుతూ పెద్ద కూల్ డ్రింకు సీసా. ఆ సీసా చూడగానే ఎందుకొచ్చిందో అర్థమైపోయింది.

మాలో పిల్లనడగడానికి వచ్చేవాళ్ళు జీలుగు కల్లు కుండ మోసుకొస్తారు. ఆడపిల్లవాళ్ళు అది దించుకుని తాగితే ఒప్పుకున్నట్టు, ముట్టకపోతే కాదన్నట్టు. నోటితో ఏమీ చెప్పక్కర్లేదు. మా పెద్దవాళ్ళు ప్రభువులోకి వచ్చాక కల్లు మానేశారు గానీ ఆచారం ఎక్కడికి పోతుంది? కుండ పోయి కూల్ డ్రింకు సీసా వచ్చింది. మామూలప్పుడైతే నేనే దీని మీద నలుగురినీ నవ్విస్తాను. ఆ రోజు నవ్వు రాలేదు.

వదినంటే మా ఆయన అక్క. మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు, అంచేత ఈవిడ నేను పుట్టినప్పటి నుంచీ నాకు వదినే. ఆవిడ కొడుక్కి నా చిన్నకూతుర్ని అడగొచ్చింది. మేనబావ ఉండగా పిల్లని బయటికి ఇవ్వడమంటే మా కొండల మీద తోడబుట్టిన దాన్ని గుమ్మంలోంచి గెంటేసినంత పని. పైగా ఆ పిల్లలిద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణం పెడతారు. కుర్రాడు బుద్ధిమంతుడు, కాఫీ తోట ఉంది, పెద్దలంటే గౌరవం ఉంది. వంక పెట్టడానికి ఏమీ లేదు, రక్తం తప్ప.

ఆ రక్తం సంగతి చెప్పాలంటే నా పెద్దదాని గురించి చెప్పాలి.

అది నడక నేర్చేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత చలి దిగితే చాలు, చేతులూ కాళ్ళూ వాచిపోయేవి. కళ్ళు పచ్చబడేవి. కామెర్లన్నారు, పసరు పోయించాం. గాలి సోకిందన్నారు, ప్రార్థన చేయించాం. చివరికి విశాఖ పెద్దాసుపత్రిలో రక్తం చూసి సికిల్ సెల్ అన్నారు. ఇప్పుడైతే ఆ పేరు మా బళ్ళో పిల్లలకి కూడా తెలుసు. అప్పుడు నాకు తెలీదు, ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పే పంతులమ్మనైనా.

"మీ ఇద్దరి రక్తంలోనూ సగం సగం ఉందమ్మా," అన్నాడు డాక్టరు. "సగం ఉంటే మనిషికి ఏమీ కాదు. తల్లి సగం, తండ్రి సగం ఒకే బిడ్డలో కలిస్తే జబ్బు. నలుగురిలో ఒకరికి అలా జరగొచ్చు. ప్రతి కాన్పూ మళ్ళీ మొదటికే, ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు." ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ సగం ఉన్నవాళ్ళని మలేరియా అంత తొందరగా చంపదట. అందుకే కొండజనంలో ఇది ఎక్కువట.

ఈ ముక్క చెప్తే మా పాస్టరు గారు సంతోషించారు. "చూశావా అమ్మా, మీ పెద్దవాళ్ళని దేవుడు ఎలా కాపాడాడో," అన్నారు.

"అయ్యగారూ, ముత్తాతని కాపాడిన దాంతోనే మునిమనవరాల్ని చంపుతున్నాడేంటండీ?" అన్నాను. నాకు నోరు ఎక్కువని ఊరంతా అంటారు, నిజమే. ఆయన మంచివాడు. వెంటనే మోకాళ్ళ మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఇంకేం చెయ్యను?

ఎన్ని ఉపవాసాలున్నామో. కొండ కింద ఊళ్ళ నుంచి కూడా వచ్చి ప్రార్థించారు. దాని నొప్పి తీసెయ్యి, లేదంటే నాకివ్వు అని అడిగాను. రెండింటిలో ఏదీ చెయ్యలేదు. ఆఖర్న ఆసుపత్రి మంచం మీద నేను కళ్ళు మూసుకుని గొణుగుతుంటే, "అమ్మా, ప్రార్థన తరవాత సేద్దువు గాని, ముందు కాళ్ళకి తైలం రాయి," అంది. రాశాను. పదో తరగతి పరీక్షలకి హాల్ టికెట్టు వచ్చేసరికి పిల్ల లేదు.

ఆ తర్వాత చిన్నదానికి పరీక్ష చేయించాం. సగం ఉంది. కాలేజీలో రక్తం చూసినప్పుడు వదిన కొడుక్కీ సగమే తేలింది. ఇదంతా మా అందరికీ తెలుసు. తెలిసే వదిన సీసా పట్టుకొచ్చి నా ఇంటి మధ్య గచ్చు మీద పెట్టింది.

"ఏటే, అలగ సూత్తన్నావు? గ్లాసులు తే," అంది తల తుడుచుకుంటూ.

"ఇద్దరికీ ఉన్నాది వదినా. నీకు తెలీదేటి?"

"తెలుసు. నా గుంటడికి నీ గుంట కావాల. నీ గుంటకి ఆడే కావాల. మనమేటి సేత్తాం? దేవుడు సూసుకుంటాడు. నీకు దేవుడి మీద నమ్మకం నేదేటి?"

"నేదు," అన్నాను.

ఠక్కున వచ్చేసింది ఆ మాట. ఇన్నేళ్ళూ నాలో నేను కూడా అనుకోని మాట. మా ఆయన పొయ్యి దగ్గర కాఫీ గింజలు వేపుతున్నాడు, చెయ్యి ఆగిపోయింది. గింజలు మాడి ఇల్లంతా పొగ.

"అలగనకు," అన్నాడు మెల్లగా.

"మరేటి అనమంటావు? నమ్మే కదా నిన్ను కట్టుకున్నాను? మన పెళ్ళికి మూడు ఊళ్ళ జనం ప్రార్థన చేశారు. ఒక్కసారైనా, ఆగవే, ఆడి రక్తం సూసుకో అని చెప్పాడా దేవుడు? నీకూ నాకూ ముడేసినప్పుడు మన రక్తం ఆయనకి కనబళ్ళేదా?"

మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పొగకి అనుకోమంటే అనుకోవచ్చు. ఆయన ఏనాడూ నా మీద చెయ్యెత్తలేదు, చుక్క ముట్టలేదు, పెద్దదాన్ని వీపున వేసుకుని రోడ్డుదాకా ఎన్నిసార్లు దిగాడో లెక్కలేదు. ఇంతకన్నా మంచివాడు నాకు దొరకడు. అదే నా కడుపుమంట. దేవుడు చెడ్డవాణ్ణిచ్చి ఉంటే తప్పు వాడి మీద పెట్టి బతికేసేదాన్ని. ఇప్పుడు ఎవరి మీద పెట్టను? పైనున్నాయన మీద తప్ప?

వదిన తడి కొంగు పిండుకుంది. సీసా అలాగే ఉంది. ఎవరూ ముట్టకపోతే ఆవిడ దాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకుని వానలో దిగిపోవాల్సిందే. నేను అదే కోరుకుంటున్నాను. నా చిన్నదానికీ బిడ్డా పాపా ఉండి, చలికాలం వస్తోందంటే భయపడకుండా బతికితే చాలు. అది వేరేవాణ్ణి చేసుకుని నన్ను తిట్టుకున్నా సరే.

అప్పుడు చిన్నది లోపల్నించి వచ్చింది. చేతిలో స్టీలు గ్లాసు. నా వైపు చూడకుండా గచ్చు మీద కూర్చుని సీసా మూత తిప్పింది. బుస్సుమంది. నిండా పోసుకుని గటగటా తాగేసింది, ఊపిరి తీసుకోకుండా. మాలో పెద్దలు తాగాలి గానీ పిల్ల తాగడం ఎవరూ ఎరగరు. ఎవరు తాగినా తాగినట్టే. వదిన దాన్ని దగ్గరికి తీసుకుని ఏడ్చింది. నేను మాడిన గింజలు పారబొయ్యడానికి పెరట్లోకి పోయాను.

పెళ్ళి చర్చిలోనే అయింది. వీళ్ళని దేవుడే జతచేశాడని పాస్టరు గారు అంటుంటే నేను తలెత్తి రేకుల కప్పు చూస్తూ నిలబడ్డాను. నేను ఏమైనా అంటానేమోనని మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

చర్చికి పోవడం మాత్రం మానలేదు. నమ్మకం లేదన్న దానివి ఎందుకొస్తున్నావని ఒకావిడ అడిగింది. రాకపోతే దెబ్బలాట ఎవరితో ఆడను అన్నాను. ఇంట్లో కూర్చుంటే గోడలతో ఆడాలి. అక్కడైతే వినేవాడున్నాడని కనీసం బోర్డు రాసుంది.

మొన్న కాఫీ పళ్ళు ఎర్రబడే వేళ చిన్నది ఫోన్ చేసింది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ దొరకదు, మిట్ట ఎక్కి చేస్తుంది, మాటకి మాటకి ఆయాసం.

"అమ్మా, నెల తప్పిందే."

నేను ఏమీ సంబరపడలేదు. "విశాఖలో కడుపులో ఉండగానే సూసి సెప్తారంట. బేగి రా, ఎల్దాం," అన్నాను.

"సూసి? ఉన్నాదంటే ఏటి సేత్తావు?"

ఇంత నోరున్న దాన్ని, ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. అవతల గాలి హోరు వినబడుతోంది. చిన్నదే అంది, మెల్లగా, నన్ను ఊరడిస్తున్నట్టు.

"నువ్వు బయపడకే. నలుగుర్లో ఒకరికే వస్తాదన్నాడు కదా డాక్టరు? ఆ ఒకరూ అక్క అయిపోనాది కదా. మన ఇంటి వంతు అయిపోయినట్టే కదే అమ్మా?"

బళ్ళో ఎవరైనా అలాంటి లెక్క చేస్తే ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేస్తాను. మళ్ళీ చెయ్యి అంటాను. నా బిడ్డ ఫోన్ చెవికి పెట్టుకుని కొండ మీద నిలబడి ఉంది, కడుపులో ఇంకో బిడ్డతో.

"ఔనమ్మా," అన్నాను. "అయిపోయింది."

"అదే కదే," అని ఊపిరి వదిలింది. జాగ్రత్తలు చెప్పాను. పెట్టేసింది.

వరండా మెట్టు మీద కూలబడ్డాను. కళ్ళు మూసుకోలేదు, మోకాళ్ళూనలేదు. ఉన్నావో లేవో గానీ విను అన్నాను. దానికి నేను అబద్ధం చెప్పాను. నువ్వు దాన్ని నిజం చెయ్యి. చేస్తావని నాకు నమ్మకం లేదు. అయినా అడుగుతున్నాను, అడగడానికి ఇంకెవరూ లేరు.