షట్టరుకు బయట తాళం

మా వెనకింటి ఫైర్ సార్ పోయారని మొన్న మేడ్చల్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నాయిన ఇప్పుడు శామీర్‌పేటలో నా దగ్గరే ఉంటున్నాడు. సంగతి చెబితే ఆయన మొదట అడిగిన మాట, "నిజంగనే పోయిండా?" చావు విషయంలో కూడా ఆ మనిషిని నమ్మలేదు మా నాయిన.

సార్‌ది కోస్తా. అగ్నిమాపక శాఖలో ఉద్యోగం. తొంభైల చివర్లో, మా పరుపుల దుకాణం వెనక కొత్తగా వెలిసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. పెళ్లికి పిలిస్తే అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే ఆయన ఫంక్షన్ హాలుకు ఇంకో ద్వారం ఎక్కడుందో చూసేవారు. మా దుకాణానికి వస్తే ముందు స్విచ్చుబోర్డు మీద చెయ్యి ఆనించి వేడి చూసేవారు. "నిప్పుకి చుట్టరికం తెలీదమ్మా," అనేవారు నాతో.

నాయినకు ఇదంతా వేరేగా తోచేది. "గీ సారు ఉత్తగ వస్తలేడు బిడ్డా. మనం చెయ్యి తడుపుతమేమోనని సూస్తుండు." సార్ మా దగ్గర చాయ్ కూడా ముట్టేవారు కాదు. అదీ తప్పే అయింది. "చాయ్ తాగనోణ్ణి అసలే నమ్మొద్దు," అన్నాడు నాయిన.

బడి లేనప్పుడు తమ్ముడూ నేనూ దుకాణంలో దూది ఏకేవాళ్లం, పరుపులకు గలేబులు కుట్టేవాళ్లం. మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. పనిలో పెట్టుకున్న పిల్లల్ని వెతుకుతూ లేబర్ ఆఫీసు జీపు హైవే దిగిందని కబురొస్తే చాలు, షట్టర్లన్నీ దిగేవి. పిల్లలు లోపల, తాళం బయట. "సప్పుడు జెయ్యొద్దు. జీపు పోయినంక తీస్త," అని చెప్పి నాయిన వెళ్లి హోటల్లో ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు.

ఒకరోజు అలాగే మూసేశాక, దూది ఏకే మిషన్ మోటారు దగ్గర పొగ లేచింది. చూస్తుండగానే దూది కుప్పకు అంటుకుంది. బయట జీపు చప్పుడు వినిపిస్తోంది. అరిస్తే నాయిన దొరికిపోతాడు. ఇద్దరం గలేబులు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటూ ఊరుకున్నాం.

అంతలో ఎవరో రాయితో తాళం మీద బాదడం మొదలుపెట్టారు. షట్టరు లేచింది. ఎదురుగా సార్, చేతికి నెత్తురు. మమ్మల్ని బయటికి లాగి, కరెంటు ఆపించి, నీళ్లు పోయించి మంట ఆర్పారు.

నాయిన పరుగున వచ్చి మమ్మల్ని పొదివి పట్టుకున్నాడు. సార్ ఆయన వైపు తిరిగారు. "కన్నపిల్లలు పనిలో సాయం చేస్తే చట్టం మిమ్మల్ని ఏమీ అనదండీ. లోపల మనుషుల్ని పెట్టి బయట తాళం వేస్తే ఏ చట్టమూ ఊరుకోదు."

నాయిన కృతజ్ఞత చెబుతాడనుకున్నాను. "జీపును తోల్కొచ్చింది నువ్వే గదా?" అన్నాడు.

సార్ దుకాణానికి వెనక ఒక తలుపు పెట్టించమని మాత్రం చెప్పి వెళ్లిపోయారు. నాయిన గోడ పగలగొట్టించి తలుపైతే పెట్టించాడు గానీ, సార్‌తో మాటలు బంద్.

నిన్న పరామర్శకు వెళ్లాను. రమ్మంటే నాయిన రాలేదు. సార్ భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"మీ నాన్నగారి అనుమానం నిజమేనమ్మా. మీ వీధిలో కూలికి పెట్టుకున్న పిల్లల కోసం అర్జీ పెట్టింది ఈయనే. జీపొస్తే తాళాలేస్తారని తెలీదు. ఆ వేళ జీపు వెనకే వచ్చారు కాబట్టి పొగ చూశారు. అప్పట్నించీ మీ షట్టరు దించిన చప్పుడైతే చాలు, అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. వాళ్లు భోజనానికి ఇంటికెళ్లుంటారండీ అని నేనన్నా వినేవారు కాదు. చెవి పెట్టి విని, లోపల ఎవరూ లేరనుకున్నాకే వచ్చి తినేవారు."

ఇంటికొచ్చి నాయినకు ఇదంతా చెప్పాను. ఇన్నేళ్ల అనుమానం నిజమైంది కదా, గెలిచినట్టు మాట్లాడతాడనుకున్నాను. గోడకేసి తిరిగి అడిగాడు.

"తాళమేసింది నేను. గాయినెందుకు పరేషాన్ అయిండు బిడ్డా?"

తమ్ముడూ నేనూ ఈ రోజు ఊపిరి పీలుస్తున్నామంటే సార్ చలవే. ఎర్రటి ఎండలో, ఎవరూ లేని మా దుకాణం ముందు, మెతుకులంటిన చేతిని ఎడంగా పట్టుకుని, కాలే షట్టరుకు చెవి ఆనించి వింటున్న సార్ నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు.