సీఆర్‌ఆర్ మీద నా ఉపన్యాసం

బ్యాంకును ఖాళీ చేయడానికి దొంగలు అక్కర్లేదు. తెలిసిందంతా చెప్పేయాలని ఉబలాటపడే కొత్త ఆఫీసరు ఒక్కడు చాలు. బిలాస్‌పూర్‌లో ఆ ఆఫీసర్ని నేనే.

ఆ ఊళ్లో తార్‌బహార్ పేటలోని మా బ్రాంచిలో చేరిన కొత్తల్లో, అక్కడి తెలుగువాళ్లు ఒక ఆదివారం నన్ను పిలిచి బ్యాంకుల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నాలుగుతో ఆగితే నేను నేనెందుకవుతాను? సీఆర్‌ఆర్ అందుకున్నాను.

"మీ డిపాజిట్లలో కొంత వంతు మేం రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచి తీరాలి. దాన్ని ఎవరికీ అప్పివ్వకూడదు. దానిమీద మాకు వడ్డీ కూడా రాదు."

రిటైరైన రైల్వే గార్డు అప్పలరాజు మావయ్య లేచాడు. "అచ్ఛా. మరి మిగతాది ఏటి సేస్తారు బాబూ?"

"చాలావరకు అప్పులిచ్చేస్తాం."

"అయితే బ్రాంచిలో ఏటుంటాది?"

"ఆ పూటకి సరిపడా కాస్త," అన్నాను గర్వంగా.

"అందరం ఒక్కసారే వస్తే?"

"అందరూ ఒక్కసారే రారు కదండీ!" అని నవ్వాను. హాల్లో నవ్వింది నేనొక్కణ్ణే. ముందు వరసలో కూర్చున్న మా అమ్మ కూడా నవ్వలేదు.

సోమవారం అందరూ ఒక్కసారే వచ్చారు.

క్యూ గేటు దాటి పాన్ దుకాణం దాకా పాకింది. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, హిందీలో మెల్లగా అడిగాడు.

"వీళ్లకి ఏం చెప్పావు?"

"సీఆర్‌ఆర్ సార్. ఒక్క ముక్క కూడా తప్పు లేదు."

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేను దాన్ని పాటిస్తూనే ఉన్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు," అంటూ పెద్ద బ్రాంచికి నగదు కోసం ఫోన్ చేశాడు.

నేను బయటికి పరుగెత్తి, "కంగారు పడకండి, డబ్బుల వ్యాను వస్తోంది!" అని అరిచాను.

"వస్తోందంటే, లోపల లేదన్నమాటే కదేటి!" అన్నాడు మావయ్య. అంతవరకు వేడుక చూస్తున్నవాళ్లు కూడా క్యూలో చేరిపోయారు.

వ్యాను వచ్చింది. అడిగినవాళ్లందరికీ అడిగినంతా ఇచ్చాం. తీరా నోట్లు సంచుల్లో పడ్డాక, వాటిని ఇంటిదాకా మోసుకెళ్లే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సాయంత్రానికి చాలామంది మళ్లీ మా దగ్గరే జమ చేశారు. ఇక షట్టరు దించబోతుంటే, డబ్బు తీసుకునే ఫారం పట్టుకుని కౌంటరు ముందు ఒకావిడ మిగిలింది. మా అమ్మ.

"నువ్వు కూడానా అమ్మా?"

"ఏటిరా, కొడుకు సెప్పిన మాట కన్నతల్లే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?"

క్యాషు కౌంటరు గాజు మీద చెయ్యి వేసి, మేనేజరు సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. ఇకమీదట బ్యాంకులో డబ్బు ఎలా ఉంటుందని ఎవరడిగినా, క్షేమంగా ఉంటుందని మాత్రమే చెబుతాను.