పేరు రాయని చీటీ

మొన్న నాదర్‌గుల్‌లో మా కాలనీ దగ్గరి కాలేజీవాళ్లు మత్తుమందుల మీద అవగాహన సదస్సు పెట్టి, రిటైరైన టీచర్ని కదా అని నన్నూ పిలిచారు. వేదిక పక్కన ఒక అట్టపెట్టె, దాని మీద ‘ప్రశ్న వేయండి, పేరు రాయనవసరం లేదు’ అన్న కాగితం. అది చూశాక నేను మాట్లాడాలనుకున్నది సగం మరిచిపోయాను.

బొంగులూరు చుట్టుపక్కల పొలాలు గజాల లెక్కన అమ్ముడుపోతున్న రోజుల్లో, ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఆరోగ్య పాఠం చెప్పేదాన్ని. వారానికి ఒక్క గంట, అదీ మధ్యాహ్నం భోజనాలయ్యాక. ఊపిరితిత్తుల పటం తగిలించి గంజాయి వల్ల వచ్చే అనర్థాలు వరసగా చెబుతుంటే, సాంబారన్నం తిన్న పిల్లలు హాయిగా కునుకు తీసేవారు. నాకు పౌరుషం వచ్చింది. ఒక వారం పటం చుట్టేసి చీటీలు పంచాను. “పేర్లు వద్దు. అడగాలనుకున్నది రాయండి. నేను తప్ప ఎవరూ చూడరు” అన్నాను. ఆ రోజు ఒక్కరూ నిద్రపోలేదు.

టీ కూడా మత్తేనా అని ఒకరు, మీరెప్పుడైనా తాగారా మేడం అని ఇంకొకరు. వాటి మధ్య ఒక చీటీ: “మా ఫ్రెండ్ గంజాయికి అలవాటు పడ్డడు. మానాలని ఉంది, మానలేకపోతున్నడు. ఇంట్ల తెల్వకుండ ఏ దవాఖానకు తీస్కపోవాలె?” అన్నేళ్ల నా పాఠాలకు వచ్చిన మొదటి నిజమైన ప్రశ్న అదే.

మా ప్రిన్సిపాల్‌ది మా కృష్ణా జిల్లాయే. నలుగురిలో సార్, విడిగా అన్నయ్య. మా ఇంట్లో గోంగూర పచ్చడి కలిపితే ఆయన వాటా ఆయనకు వెళ్లాల్సిందే. “పిల్లల మనసులో ఏముందో నాకూ తెలియాలి కదమ్మా. పొద్దున్నే ఇచ్చేస్తాను” అని చీటీల కట్ట అడిగాడు. ఇచ్చాను. చెప్పినట్టే పొద్దున్నే తిరిగిచ్చాడు కూడా. ఈలోపు ల్యాబ్ రికార్డులు దిద్దే లెక్చరర్లను కూర్చోబెట్టి అన్నీ చూపించాడు. మూడేళ్లుగా ఆ పిల్లల చేతిరాత దిద్దుతున్నవాళ్లకు ఒక్క చూపు చాలదా? నేనూ పేపర్లు దిద్దేదాన్నే. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

చీటీ రాసింది ఫైనలియర్ అమ్మాయి. వాళ్ల నాన్న ఇబ్రహీంపట్నంలో మా కాలేజీ యూనిఫాంలు కుట్టే దర్జీ. కబురు పెడితే మెడలో టేపుతోనే వచ్చాడు. “నా బిడ్డకు గసుంటి అలవాటు లేదు సార్. దోస్తు కోసం అడిగింది. అడుగుడు గూడ తప్పేనా?” అన్నాడు. ఆ దోస్తు పేరు చెబితే వదిలేస్తామని, లేకపోతే పరీక్షలకు కూర్చోనివ్వమని ప్రిన్సిపాల్ తేల్చేశాడు.

నేను అమ్మాయిని వరండాలోకి తీసుకెళ్లి, ఆ పేరు చెప్పేయమ్మా, ఏడాది పోతుంది అని బతిమాలాను.

“నేను గూడ చెప్తే మీకూ నాకూ ఫరక్ ఏముంటది మేడం?” అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే జవాబు కోసం చూసింది.

“నమ్మి ఇచ్చాను కదా అన్నయ్యా” అని ఆయన గదిలో ఏడ్చాను. “కాలేజీ పేరు పోతే నీ ఉద్యోగమూ ఉండదమ్మా” అన్నాడు చల్లగా. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి విడిగా కూడా సార్ అనే పిలిచాను. ఆయన గమనించినట్టే లేదు. అంత మోసపోయానని కుమిలినదాన్ని, రాజీనామా మాత్రం చెయ్యలేదు. అమ్మాయి పరీక్షలు పోయాయి. ఆ ఫ్రెండ్ ఎవరో, ఏమయ్యాడో ఈనాటికీ తెలియదు. మరుసటి వారం మళ్లీ చీటీలు పంచితే పిల్లలు బుద్ధిగా మడిచి అన్నీ తిరిగిచ్చారు. ఒక్కదాని మీదా అక్షరం లేదు.

ఆయన మీద కోపం ఏళ్లు గడిచేకొద్దీ అరిగిపోయింది. ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు మాత్రం, కాలం ఇంత గడువిచ్చినా, నాకు దొరకలేదు.