ఎర్రపీలిక కట్టిన మలుపు

ముట్టొద్దన్న దానికి ఎర్రగుడ్డ కట్టాలె. ఇనాయతుల్లా జీవితంల గట్టిగ నమ్మిన సూత్రం ఇదొక్కటే. సిరిసిల్లల ముప్పై ఏండ్లు సాంచెలు బాగుచేసిన మనిషి ఆయన. షెడ్డుల నలభై మరమగ్గాలు ఒక్కసారి మోగుతుంటే పక్కోడి మాట పక్కోడికి ఇనపడదు. లోపల చెయ్యి ఉన్నది, స్విచ్చు వెయ్యకుండ్రి అని మొత్తుకున్నా లాభం లేదు. అందుకని రిపేరుకు కూసునే ముందు మూలకు పడ్డ అంచు పీలికల్లోంచి ఒక ఎర్రది ఏరి సాంచెకు కట్టేటోడు. ఆ పీలిక ఉన్నంతసేపు యజమాని సుత స్విచ్చు దిక్కు చెయ్యి చాపకపోయేది. పది వేళ్లు పదీ మిగిలినయంటే ఆ పీలికల పుణ్యమే.

చెవులు మాత్రం మిగల్లేదు. అరవై దాటేసరికి కుడి చెవి మొత్తం, ఎడమ చెవి సగం సాంచెలే తిన్నయి. భార్య రషీదాబీ పుట్టిల్లు కోరుట్ల. బిడ్డ జేబాను ఇచ్చింది కూడ అదే ఊళ్లె. పని చాలించుకొని ఇద్దరూ అక్కడికే వచ్చిండ్రు. నెల తిరగకముందే రషీదాబీ, "ఖాళీగ కూసుంటే తుప్పు పడుతవు" అని ఎంటపడితే, తునికిగుట్ట కాడ వాచర్‌గ చేరిండు. చేరేటప్పుడు సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న పీలికల మూట కూడ గేటు పక్క గదిల పెట్టుకున్నడు. దేనికి అంటే ఆయనకే తెల్వదు.

తునికిగుట్ట పెద్ద అడవేం కాదు. రాళ్లు, రేగు, పరికి, తునికి పొదలు ఉన్న చిట్టడవి. అటవీశాఖోళ్లు చుట్టూ కంచె వేసి, నడిచేటోళ్ల కోసం లోపల రెండు మట్టిబాటలు తీసిండ్రు. గుట్ట ముందరిది పెద్దబాట, వెనుక నుంచి చుట్టి వచ్చేది చిన్నబాట. నెమళ్లు, కుందేళ్లు, ఉడుములు, కౌజుపిట్టలు ఉంటయి. పొద్దున ఐదు కొట్టంగనే కోరుట్ల మనుషులు వస్తరు.

"ఇల్లు వాటిది. మనం చుట్టాలం. చుట్టం చుట్టంలెక్కనే ఉండాలె" అని గేటు కాడ అందరికీ చెప్పేటోడు ఇనాయతుల్లా.

రిటైరైన లెక్కల మాస్టరు గోవర్ధన్ సార్ జేబుల చిన్న స్పీకరు పెట్టుకొని పాటలు ఇనుకుంట నడిచేటోడు.

"సార్, గది బంద్ చెయ్యుండ్రి."

"నీకు ఇనపడనే పడదు గదా భాయ్, నీకేం నొప్పి?"

"ఇనపడకనే చెప్తున్న సార్. మోత ఏం చేస్తదో నా చెవులను అడుగుండ్రి. కుందేలు చెవులు నా చెవులకంటే పెద్దయి."

మరుసటి రోజు నుంచి సార్ స్పీకరు ఇంట్ల పెట్టి వచ్చిండు. పాట మాత్రం నోటితోటి పాడుకుంట నడిచిండు. దానికి ఇనాయతుల్లా ఏమనలేదు. సార్ గొంతు ఎట్లుంటదో ఆయనకు ఇనపడదు కాబట్టి.

చిన్నబాట ఆడవాళ్లది. బోర్డేం లేదు, అలవాటైపోయింది. రషీదాబీకి షుగర్ ఎక్కినప్పుడు రోజూ గంట నడువాలె అని డాక్టరు చెప్పిండు. పెద్దబాట నిండా మగవాళ్లు, ఫోన్లు. అక్కడ నడవనన్నది. బీడీలు చేసి చేసి నడుము పట్టేసిన మల్లవ్వ, ఇంకో ఐదారుగురు తోడై చిన్నబాట పట్టిండ్రు. వయసుల ఉన్నప్పుడు మల్లవ్వ ఇదే గుట్ట మీద తునికాకు తెంపింది. ఏ రాయి కింద తేలుంటదో చెప్పేది.

చిన్నబాట గుట్ట వెనుక ఒక కాడ మలుపు తిరుగుతది. అక్కడ బండమీద నిలబడితే చెరువు దిక్కు నుంచి గాలి వస్తది, ఒక్క మనిషి కండ్లు పడవు. రషీదాబీ అక్కడ ముఖం మీది నఖాబు ఎత్తి ఊరికే నిలబడుతదట. మల్లవ్వ కొప్పు ఇప్పుకుంటదట. ఇనాయతుల్లాకు ఇదంత చెప్పితే తెలిసిందే. ఆడవాళ్లు నడిచే గంటల ఆయన ఆ దిక్కు పోడు. మూడు నెలల్ల రషీదాబీ షుగర్ దిగింది. ఎన్నడు లేంది, రొట్టెలు చేసుకుంట కూనిరాగం తీసుడు మొదలైంది. సగం చెవికి అందినకాడికి ఆయన దాన్ని ఇనుకుంట కూసునేటోడు.

ఏప్రిల్ నడుమ ఒకరోజు, అందరు పోయినంక, ఆయన చిన్నబాట తిరిగి వస్తున్నడు. జంతువుల కోసం కట్టిన నీళ్ల తొట్టి కాడ ఒక తీతువు పిట్ట నీళ్లల్ల కడుపు ముంచి ముంచి లేస్తున్నది. తాగుతలేదు. తడి కడుపుతోటి ఉరికి మలుపు కాడ గులకరాళ్ల నడుమ కూసున్నది. చెవులు లేని మనిషికి కండ్లే చెవులు. దగ్గరికి పోయి చూస్తే నాలుగు గుడ్లు, గులకరాళ్ల రంగే, బాటకు మూడడుగుల దూరంల. గూడు లేదు, గడ్డి లేదు. ఎండకు గుడ్లు ఉడకకుండ కడుపుతోటి నీళ్లు మోస్తున్నది.

తీతువు అంటే ఊళ్లె ఎవ్వరికీ పడదు. దాని అరుపు ఇంటే కీడని ఉమ్మేసి పోతరు. ఇనాయతుల్లాకు మాత్రం ఆ తడి కడుపు మనసుల అతుక్కపోయింది.

చెప్పాలంటే బీట్ ఆఫీసర్ జమున మేడంకు చెప్పాలె. చెప్తే ఏమైతదో ఆయనకు ఎరుకే. పోయినేడు ఇదే బాట పక్క నెమలి గుడ్లు పెడితే మేడం వానలు పడేదాక చిన్నబాట మూసింది. న్యాయమే. కాని ఇప్పుడు మూస్తే రషీదాబీ ఇంట్లనే కూసుంటది. షుగర్ ఎక్కుతది, కూనిరాగం దిగుతది. చెప్పకుంటే గుడ్ల మీద ఎవరి కాలో పడుతది.

ఆయన రెండూ కాపాడుదామనుకున్నడు. మూటల నుంచి ఎర్రపీలిక తీసి, గుడ్ల పక్క రేగుపొదకు కట్టిండు. పొద ముందు నిలువుగ ఒక రాయి పాతిండు, కాలు అటు పోకుండ. సాంచెల షెడ్డుల అయితే ఎవ్వరూ ముట్టకపోదురు.

మూడో రోజు రాయికి పసుపు కుంకుమ ఉన్నయి. మంగళవారం నాటికి కొబ్బరి చిప్పలు, వేపకొమ్మ, దీపం. చిన్నబాట ఎన్నడు తొక్కని మగవాళ్లు సుత చెప్పులు విడిచి వరుస కట్టిండ్రు. పిట్ట వాళ్ల నెత్తుల మీద తిరుగుకుంట మొత్తుకుంటున్నది.

"ఇనాయత్ భాయ్, గుట్టల మైసమ్మ వెలిసింది, ఒక్కమాట చెప్పకపోతివి" అన్నడు గోవర్ధన్ సార్, నొసట బొట్టుతోటి.

"సార్, గది నేను కట్టిన పీలిక. సిరిసిల్ల సాంచె పీలిక. రాయి కూడ నేనే పాతిన."

సార్ బొట్టు సవరించుకున్నడు. "నువ్వే కట్టినవ్, సరే. నీతోటి కట్టించుకున్నది ఎవరు?"

ఇనాయతుల్లా మలుపు కాడికి నడిచిండు. రంగుతోటే వచ్చింది కష్టం అనుకొని, ఎర్రది ఇప్పి చేతికి దొరికిన ఇంకో పీలిక కట్టిండు. అది ఆకుపచ్చది.

శుక్రవారం పొద్దున రషీదాబీ తమ్ముడు అబ్రార్ ఊదుబత్తులు, చక్కెర పొట్లం పట్టుకొని నలుగురితోటి వచ్చిండు. "దుల్హాభాయ్, ఏ పీరు సాబు ఈయన? మన మొహల్లా అంత అడుగుతున్నది." వాళ్ల ఎనుక మంగళవారపోళ్లు కూడ వచ్చిండ్రు, అమ్మ చీర మార్చుకున్నదని. రెండు దిక్కులోళ్లు ఒకరికొకరు జరిగి జాగ ఇచ్చుకొని, చక్కెర, కొబ్బరి పంచుకొని తిన్నరు. ఇంకోనాడైతే ఇనాయతుల్లా ఆ ముచ్చటకు మురిసేటోడే.

జనం కదిలేసరికి తొమ్మిదిన్నర. బండలు కాలుతున్నయి. గుడ్లు ఎండకున్నయి. ఆయన ఉరికి పోయి గొడుగు ఇప్పి గుడ్ల మీద నీడ పట్టిండు. పిట్ట దూరంల రాయి మీద నిలబడి తడి కడుపుతోటి ఆయన దిక్కే చూస్తున్నది, రాదు. శానసేపటికి ఆయనకు సమజైంది. అది రాకుండ అడ్డం ఉన్నది జనం కాదు, తనే. గొడుగు మూసుకొని ఎనుకకు ఎనుకకు నడిచి పొదల చాటుకు పోయిండు. అప్పుడు వచ్చి కూసున్నది. కడుపు అప్పటికే సగం ఆరిపోయింది.

పగటి అన్నం కాడ రషీదాబీకి మొత్తం చెప్పిండు. ఆమె గంటె పక్కన పెట్టింది.

"నా కోసమని దాచినవా?"

"నీ కోసమే."

"నన్ను అడిగినవా, జేబా అబ్బా? గా పిట్ట కడుపుతోటి నీళ్లు మోస్తుంటే నేను పక్కపొంటి గాలికి ముఖం పెట్టుకొని నిలబడాల్నా? అడగని ఉపకారం నా నెత్తిన పెట్టకు. మేడంకు ఫోన్ చెయ్యి." ఆయన ఎడమ చెవి కాడికి వచ్చి మరీ అన్నది, ఇనపడలేదనే సాకు లేకుండ.

జమున మేడం సాయంత్రమే బండి మీద వచ్చింది. ఇనాయతుల్లా, రషీదాబీ, మల్లవ్వ గేటు కాడ ఉన్నరు. మేడం దూరం నుంచి దుర్బీనుల చూసి వచ్చి, "చాచా, చెప్తే బాట మూస్తనని భయపడ్డరు" అన్నది.

"అవ్ మేడం."

"భయం కరెక్టే. మూస్తున్న."

రషీదాబీ ముందుకు వచ్చింది. "మలుపు మూయి బిడ్డా. మేము గేటు నుంచి మలుపుకు ఇవతలి రేలచెట్టు దాక పోయి ఎనుకకు మల్లుతం. ఒక్క చుట్టుకు బదులు రెండు మాట్ల పోతే నడక నడకే. ఎండ ఎక్కకముందే బయటపడుతం."

"మీరు మల్లుతరు అమ్మా. గా కొబ్బరికాయలోళ్లు మల్లుతరా?"

"గది నా మీద వదిలెయ్ మేడం" అన్నది మల్లవ్వ.

మేడం ముగ్గురినీ చూసింది. "ఒక్కరు రేలచెట్టు దాటినా గుట్ట మొత్తం మూస్త. మళ్ల నన్ను అనొద్దు."

ఆదివారం తెల్లారంగ మల్లవ్వ ఒక్కతే మలుపుకు పోయింది. బీడీల చేటల రాయిని పెట్టుకొని, మీద ఎర్రపీలిక, ఆకుపచ్చ పీలిక రెండూ కప్పి, చెంబుతోటి నీళ్లు చల్లుకుంట గేటు కాడికి తెచ్చి కంచె పక్కన దించింది. వచ్చినోళ్లు ముక్కున వేలేసుకున్నరు.

"ఏందే మల్లవ్వా, అమ్మను కదిలిస్తవా?"

"మైసమ్మ ఎక్కడుంటది? పొలిమేరల ఉంటది. గా ముళ్లల్ల ఎవర్ని కాస్తది? గేటు కాడ ఉంటే లోపల ఖాళీ సీసలు పారేసేటోని చెయ్యి పట్టుకుంటది."

గోవర్ధన్ సార్‌కు ఈ లెక్క నచ్చింది. అబ్రార్ కూడ తలూపి ఊదుబత్తి అక్కడనే గుచ్చిండు. ఆ రోజు సంది రేలచెట్టు దాటి ఎవ్వరూ పోలేదు. రెండు మాట్లు మాత్రం కొత్తవాళ్లు అటు నడువబోతే, మల్లవ్వ పిలిచిన పిలుపుకు ఇనాయతుల్లా సుత తల తిప్పిండు.

రేలచెట్టు పసుపు పూలు రాలుస్తున్న రోజులు. రషీదాబీ రోజూ అక్కడి దాక పోతది, మలుపు దిక్కు ఒక్కసారి చూస్తది, మల్లుతది. నఖాబు ఎత్తదు. ఇంట్ల కూనిరాగం లేదు. రొట్టె మాత్రం మెత్తగనే ఉండె.

మే నెల మొదట్ల గుడ్లు పగిలినయి. నాలుగింట్ల మూడు. నాలుగోది చల్లగ అట్లనే ఉండిపోయింది. అది ఏ శుక్రవారం సంగతో ఇనాయతుల్లాకు తెలుసు. పిల్లలు పుట్టిన పూటనే కాళ్లు మొలిచిన గులకరాళ్ల లెక్క తల్లి ఎంట తొట్టి దిక్కు ఉరికినయి. మేడం ఫోన్‌ల, "ఇగ మలుపు తెరువుండ్రి చాచా" అన్నది.

ఆ సాయంత్రం గేటు మూసే ముందు రషీదాబీ వచ్చింది. "నడువు. ఎన్నడు చూడకపోతివి."

ఇద్దరే చిన్నబాట పట్టిండ్రు. మలుపు కాడ ఆమె బండ ఎక్కి, చెరువు దిక్కు తిరిగి, నఖాబు ఎత్తింది. గాలి నిజంగనే వస్తున్నది. ముప్పై తొమ్మిది ఏండ్ల సంది చూస్తున్న ముఖమే, అయినా ఆయన కొత్తచుట్టం లెక్క కొంచెం ఎడంగ నిలబడ్డడు.

ఎక్కడి నుంచో తీతువు లేచి వాళ్ల నెత్తి మీద గిరగిర తిరుగుకుంట అరుస్తున్నది. ఆయన ఎడమ చెవికి సుత అందింది.

"ఊకోయే తల్లీ, పోతున్నం" అన్నది రషీదాబీ. నఖాబు దించుకోలేదు, అట్లనే బండ దిగింది.