చుక్క కదలని మధ్యాహ్నం

పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతున్నా, చేతిలో ఉన్ని అల్లిక సాగుతున్నా, మార్యున్ కళ్ళు మాత్రం కిటికీ గట్టు మీద నిలబెట్టిన ఫోన్ మీదే ఉండేవి. ఆ ఫోన్‌లో సముద్రం పటం ఒకటి వచ్చేది. ఆ పటంలో ఎర్రచుక్క ఒకటి మెల్లగా జరుగుతూ ఉండేది. ఆ చుక్క రీతన్ అనే పడవ. అందులో ఆమె మొగుడు తుమ్మస్, ఇంకో ఇద్దరూ ఉన్నారు. పడవలో ఒక పెట్టె ఉంటుంది, అది ఎక్కడున్నామో ఆకాశానికి చెబుతుంది, ఆకాశం ఫోన్‌కి చెబుతుంది. అంతకుమించి ఆమెకి తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. చుక్క కదిలితే మనిషి ఉన్నట్టు. మా ఫ్యారో దీవుల్లో సముద్రానికి మగవాళ్ళని పంపిన ఇళ్ళన్నిట్లోనూ ఇదే తంతు.

రెండేళ్ళ కిందట నవంబరులో ఆమె పెద్దకొడుకు పోల్ వేరే పడవ మీంచి వలతోపాటు నీళ్ళలోకి పోయాడు. ఇరవై మూడేళ్ళవాడు. అప్పటిదాకా మార్యున్‌కి ఫోన్ అంటే అక్కచెల్లెళ్ళతో మాట్లాడుకునే వస్తువు. తర్వాతే పటం చూడటం నేర్చుకుంది.

పటం చూడటం ఒక ఎత్తు, పటం మీద వచ్చి పడే ప్రకటనలు ఒక ఎత్తు. "మీ ఫోన్‌లో పదమూడు వైరస్‌లు దూరాయి, వెంటనే నొక్కండి" అని ఎర్రక్షరాలు గిలగిల్లాడేవి. మూసేద్దామని మూలనున్న గుర్తు నొక్కితే అది ఇంకెక్కడికో తీసుకుపోయేది. ఒకసారి అలా నొక్కేసరికి ఒంటిమీద నూలుపోగు లేని ఆడపిల్లలు వరసగా వచ్చి నిలబడ్డారు. పక్కన కూర్చుని అల్లుకుంటున్న, పడవ యజమాని ఓస్సుర్ తల్లి బిల్లా ముసలమ్మ కళ్ళజోడు సవరించుకుని, "పాపం, ఈ పిల్లలకి ఎవరూ స్వెట్టరు అల్లిపెట్టలేదే!" అంది. మార్యున్ ఫోన్ తీసి ఉన్ని బుట్టలో పెట్టి పైన దిండు అదిమింది. దిండు కింద అది అలా గుర్రుమంటూనే ఉంది.

వాటన్నిటినీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వేరే ఉంది. పోల్ పోయాక సమాధి రాయి కోసం ఒకే ఒక్కసారి ఫోన్‌లో వెతికింది. శవం దొరకలేదు, రాయైనా ఉండాలని. అంతే, ఆ రోజు నుంచీ రాళ్ళు ఆమెని వదల్లేదు. నల్లరాయి, బూడిదరంగు రాయి, పేరు చెక్కినందుకు డబ్బు అక్కర్లేదు, పదిహేను శాతం తగ్గింపు. సముద్రం పటం తెరిస్తే ఆ రాయి బొమ్మ పైనుంచి జారి సరిగ్గా రీతన్ మీద వచ్చి కూర్చునేది. కింద మొగుడి పడవ, పైన సమాధి రాయి. ఫోన్‌కి ముందే ఏదో తెలుసేమో, చెప్పలేక ఇలా చూపిస్తోందేమో అని ఆమె అనుకునేది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందని భయం.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మరిది రోయి భోజనానికి వచ్చినప్పుడు ఆ రాయిని కళ్ళారా చూశాడు. రోయి రేవులో చేపల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేస్తాడు.

"ఇదేంటి వదినా, దరిద్రం! ఇలా ఇవ్వు, దీని తాళం విప్పేస్తాను."

"విప్పితే పాడవదూ?"

"నా చేతిలో పాడవుతుందా? ఫ్యాక్టరీ మొత్తం నా స్క్రూడ్రైవర్ మీద నడుస్తోంది."

"అందుకేనా వారానికి రెండు రోజులు ఆగిపోతోంది," అన్నాడు తుమ్మస్, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

రోయి పట్టించుకోలేదు. "ఓస్సుర్ పెళ్ళాం సున్వా తన ఫోన్‌లో ప్రకటనలు రాకుండా ఏదో యాప్ వేసుకుంది చూడు, అది గుమ్మంలో కూర్చోబెట్టిన కాపలావాడి లాంటిది. కావాలంటే కూర్చోమంటాం, వద్దంటే లేపేస్తాం. నేను చేసేది అది కాదు, రూట్ చేయడం. కంపెనీ వాడు వేసిన తాళం తీసి లోపలికెళ్ళి, ఫలానా లక్షమందిని ఈ ఇంట్లోకి రానివ్వద్దని గోడ మీదే రాసేస్తాను. ఇంక ఎవడూ రాడు."

రూట్ చేయాలంటే ముందు ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందన్నాడు. పోల్ ఫోటోలన్నీ వేరేచోట దాచి, దాచినవి తెరిచి ఒక్కొక్కటీ తనకి చూపించేదాకా మార్యున్ ఫోన్ చేతికివ్వలేదు. మర్నాడు ఫోన్ తిరిగొచ్చింది. బ్యాంకు యాప్ మాత్రం తాళం తీసిన ఫోన్‌లో నేను పని చెయ్యనని మొండికేసింది. పోతే పోయిందనుకుంది. పటం మీద రాయి లేదు, వైరస్‌లు లేవు. మూడు వారాలపాటు నీలం సముద్రం, ఎర్రచుక్క. అంతే.

మార్చిలో ఆ బుధవారం పొద్దున్న పదకొండింటికి ఆమె పటం తెరిచింది. రీతన్ ఉత్తరాన, సముద్రం అడుగున చేపలు మూగే గట్టు అంచున ఉంది. చుక్క కింద "చివరి కబురు ఉదయం 6:10" అని ఉంది. అయిదు గంటల కిందటి మాట అది. ఎప్పుడూ అయిదు నిమిషాలు దాటదు. మూసి తెరిచింది. 6:10. ఫోన్ ఆపి మళ్ళీ వేసింది. 6:10. చేతులు తుడుచుకుని, తడి వేళ్ళ వల్లేమో అనుకుని మళ్ళీ నొక్కింది. 6:10.

రేడియోలో ఈశాన్యపు గాలి బలపడుతుందని చెప్పారు. కిటికీ బయట గడ్డి కప్పిన కప్పుల మీద గాలి అప్పటికే దువ్వుతోంది.

అక్కడ టవరు అందదు, తుమ్మస్‌కి ఫోన్ చేస్తే మోగదు. రోయికి చేసింది. ఫ్యాక్టరీలో ఫోన్లు బీరువాలో పెట్టి లోపలికెళ్తారు, అది మోగి మోగి ఆగిపోయింది. ఆఫీసుకి చేస్తే ఏంటి సంగతి అని అడుగుతారు, అడిగిన అరగంటకి ఊరంతా తెలుస్తుంది. గోడ మీద తీరరక్షణ వాళ్ళ నంబరు ఉంది. చెయ్యి అటు వెళ్ళి వెనక్కొచ్చింది. నా ఫోన్‌లో చుక్క కదలట్లేదు బాబూ అని చెప్పాలా?

సున్వా ఇల్లు మూడొందల అడుగుల దూరం. ఆమె మొగుడు ఓస్సుర్‌దే పడవ. సున్వా ఫోన్‌లోనూ అదే పటం ఉంటుంది. వెళ్ళి చూస్తే తేలిపోయే పని. కానీ ఆ మూడొందల అడుగులు నడవడమే మా ఊళ్ళో పెద్ద కష్టం. చావు కబురు ఫోన్‌లో చెప్పకూడదు, నడిచి వెళ్ళి చెప్పాలి. అది మా తాతల నాటి పద్ధతి. ముందు తెలిసినవాళ్ళు ఒకే పడవకి చెందిన తర్వాతి ఇంటికి నడుస్తారు, ఆ ఇంటివాళ్ళు ఆ పై ఇంటికి నడుస్తారు. పోల్ కబురు తెచ్చినప్పుడు పాదిరిగారు టోపీ చేత్తో పట్టుకుని నడిచొచ్చారు. కిటికీలోంచి ఆయన్ని చూసినప్పుడే ఆమెకి తెలిసిపోయింది. ఆయన నోరు తెరిచి ఏం చెప్పారో ఈనాటికీ గుర్తులేదు.

అందుకని మామూలు రోజున పని మీద వెళ్ళేటప్పుడు కూడా మేం ముందు ఫోన్ చేసి, "వస్తున్నానే, పంచదార నిండుకుంది" అని చెప్పి బయల్దేరతాం. ఇప్పుడు మార్యున్ ఫోన్ చేసి ఏం చెబుతుంది? నీ పటం చూడవే అంటే సున్వా చూస్తుంది. అక్కడా 6:10 అని ఉంటే, కూడని పని చేసినట్టే. చెప్పకుండా నడిస్తే, ఏమీ జరక్కపోయినా జరిగినట్టే.

ఒంటిగంట దాకా అలాగే కూర్చుంది. దుంపలు మాడి వాసన వచ్చింది. నీళ్ళలో పోల్ ఎంతసేపు ఉన్నాడో అని రెండేళ్ళుగా ఆలోచించకుండా నెట్టుకొచ్చిన లెక్క ఇప్పుడు మొగుడి పేరు మీద మొదలైంది. ఈ నీళ్ళలో మనిషి అరగంట కూడా ఉండలేడు. 6:10 నుంచి ఏడు గంటలు.

లేచింది. సరదాగా వచ్చినట్టు కనబడాలని అల్లిక సంచీ భుజానికి తగిలించుకుంది, తలకి గుడ్డ కట్టుకుంది. ముఖం మీద నవ్వు లాంటిది ఒకటి పెట్టుకుని దారెక్కింది.

సున్వా వంటింట్లో చేప శుభ్రం చేస్తోంది. కిటికీలోంచి మార్యున్‌ని చూసింది. సంచీ చూసింది, నవ్వు చూసింది. తర్వాత కాళ్ళ వంక చూసింది. మార్యున్ ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులతోనే బురదలోంచి నడిచొస్తోంది. సున్వా చేతిలో కత్తి సింకులో పడింది.

మార్యున్ తలుపు తీసేసరికి సున్వా గోడకి ఆనుకుని ఉంది. "చెప్పకు అక్కా. చెప్పకు. ఒక్క నిమిషం ఆగు."

"నేనేం చెప్పడానికి రాలేదే! నీ ఫోన్ చూపించు, అంతే!"

"చెప్పకన్నానా!"

"సున్వా! నాకేం తెలియదే! ఫోన్ ఎక్కడ?"

ఫోన్ బల్ల మీద రొట్టెపిండి పక్కన ఉంది. సున్వా చేతి తడికి, తెరవడానికి మూడుసార్లు పట్టింది. పటం వచ్చింది. రీతన్ గట్టుకి పడమరగా ఉంది, చివరి కబురు రెండు నిమిషాల కిందటిది. చూస్తుండగానే చుక్క గింజంత జరిగింది.

సున్వా కింద కూలబడింది. నవ్విందో ఏడ్చిందో చెప్పలేం. తర్వాత చేప పొలుసుల చేత్తోనే మార్యున్ భుజం మీద ఒక్కటిచ్చింది. "ఓసి నీ కడుపు కాలా! నన్ను చంపడానికి వచ్చావా? చెప్పులతో ఎవరైనా వస్తారా?"

మార్యున్ వంటింటి వెనక తలుపు వంక చూస్తోంది. అది బార్లా తెరుచుకుని గాలికి కొట్టుకుంటోంది. దాని పక్కన బిల్లా ముసలమ్మ చేతికర్ర గోడకి ఆనించి ఉంది. చలికోటు లేదు.

"మీ అత్తేది?"

సున్వా మొహం పాలిపోయింది. ముసలమ్మ కూడా కిటికీలోంచి చూసింది. చూసి, అరవై ఏళ్ళుగా చేస్తున్న పనే చేసింది. తర్వాతి ఇంటికి నడిచింది. తర్వాతి ఇల్లు ఎల్స్‌పాది. పడవలో అందరికంటే చిన్నవాడైన యెన్స్ పెళ్ళాం. ఏడో నెల.

ఇద్దరూ వెనక తలుపులోంచి పరుగెత్తారు. ఎత్తుమీద, గొర్రెల కంచె పక్కన, నల్లకోటు వంగి వంగి పోతోంది. కర్ర లేకుండా అంత దూరం ఆవిడ ఎలా వెళ్ళిందో దేవుడికే తెలియాలి.

"అత్తా! అత్తా, ఆగు!"

గాలి ఎదురు, మాట నోట్లోకే తిరిగొస్తోంది. మార్యున్ చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది, తీసుకోలేదు. ముసలమ్మ కంచె దాటింది. గుమ్మం ఎక్కింది. తలుపు కొట్టక ముందే తలుపు తెరుచుకుంది, ఎల్స్‌పా కూడా కిటికీ దగ్గరే ఉంది మరి. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి తలుపు మీద. బిల్లా ముసలమ్మ కోటు సర్దుకుంది, గొంతు సవరించుకుంది, నోరు తెరిచింది.

"ఉప్పు!" అని వెనకనుంచి అరిచింది సున్వా. "ఉప్పు కోసం వచ్చాం ఎల్స్‌పా!"

ఎల్స్‌పా ముగ్గురినీ చూసింది. "ముగ్గురూనా?" అంది. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

మార్యున్ గుమ్మం దగ్గరికొచ్చి సున్వా ఫోన్ ఆమె కళ్ళ ముందు పెట్టింది. "చూడు తల్లీ, కదులుతోంది. నీ మొగుడు బాగున్నాడు. నా ఫోన్ చెడిపోయింది, నా బుద్ధీ చెడిపోయింది. నన్ను తిట్టు."

ఎల్స్‌పా తిట్టలేదు. గుమ్మంలోనే కూర్చుని, చుక్క నాలుగుసార్లు జరిగేదాకా ఫోన్ వదల్లేదు. బిల్లా ముసలమ్మ మాత్రం ఒళ్ళు మండిపోయి, "కబురు లేకుండా నడిచేదానికి నడక ఎందుకు?" అని సణుగుతూ ఇంటిదాకా మార్యున్ చెయ్యి పట్టుకునే దిగింది.

సాయంత్రం రోయి వచ్చాడు. ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు, మెడ గోక్కున్నాడు. ఎవరెవర్ని రానివ్వకూడదో అతను గోడ మీద రాసిన జాబితా వారానికోసారి తనంతట తానే కొత్తదవుతుందట. ఆ పొద్దున్న వచ్చిన కొత్త జాబితాలో, పడవల కబుర్లు అందించే చోటు కూడా పడిపోయింది. ఆ చోటునుంచే ప్రకటనలు కూడా పంపుతున్నారని ఎక్కడో ఎవరో దాన్ని చేర్చేశారు.

"ఎవరు వాళ్ళు?"

"ఎవరోలే వదినా. సముద్రం మొహం చూసి ఉండరు. అయినా ఒక్కటి అడుగుతాను. నీ పటంలో రీతన్ ఒక్కటే కాదుగా, పడవలన్నీ ఆగిపోయి ఉంటాయి. అన్నీ ఒకేసారి ఎలా ఆగుతాయని అనిపించలేదా?"

"మిగతా పడవలు నేనెప్పుడూ చూడను," అంది మార్యున్.

రోయి ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. జాబితాలోంచి ఆ ఒక్కటీ తీసేస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. గోడ మీద రాతంతా తుడిచెయ్యమంది, తాళం మళ్ళీ వెయ్యమంది, సున్వాకి ఉన్న యాప్ పెట్టమంది. ఎప్పుడైనా చుక్క ఆగితే కాపలావాణ్ణి లేపేసి తనే చూసుకోవాలి, తన వేలితో.

శుక్రవారం తుమ్మస్ వచ్చాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, ఉడికించిన కాడ్ చేప, దుంపలు తిన్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. నవ్వుతాడనుకుంది. అతను ఫోర్కు కింద పెట్టాడు.

"ఓస్సుర్ ఒక మాట అన్నాడు. కొత్తచోటు ఒకటి దొరికింది, చేప బాగా పడుతోంది. వచ్చే వారం అక్కడికెళ్ళేటప్పుడు పెట్టె ఆపేద్దామంటున్నాడు. లేకపోతే చుక్క చూసి అందరూ మా వెనకే వచ్చేస్తారు. చిన్న పడవలకి పెట్టె తప్పనిసరి కాదు."

మార్యున్ చాలాసేపు బల్ల తుడిచింది. తుడిచినచోటే తుడిచింది.

"ఏ రోజు ఆపుతారో, ఏ గంటకి ఆపుతారో, ఏ గంటకి మళ్ళీ వేస్తారో మూడిళ్ళకీ చెప్పి వెళ్ళమను."

"చెబితే చేప ఎక్కడుందో ఊరికి తెలిసిపోతుంది కదే."

"ఎక్కడో నేనడగలేదు. ఎప్పుడో అడిగాను."

సోమవారం బయల్దేరేముందు ఓస్సుర్ మూడు కాగితాల మీద రాసిచ్చాడు. మంగళవారం ఉదయం ఎనిమిది నుంచి బుధవారం సాయంత్రం నాలుగు దాకా.

మంగళవారం సరిగ్గా ఎనిమిదింటికి చుక్క ఆగింది. కాగితం చేతిలోనే ఉంది, అయినా మార్యున్ పటం మూసి తెరిచింది. ఆ రోజు ఆమె ఏమీ తినలేదు. బుధవారం మధ్యాహ్నం కాపలావాణ్ణి లేపేసి కూర్చుంది. నాలుగైంది. నాలుగూ అయిదైంది. కాగితం ముడతలు సాపు చేసి మళ్ళీ చదివింది, నాలుగే. నాలుగూ ఎనిమిది. చెప్పులు విప్పి బూట్లు తొడుక్కుంది. ఎందుకు తొడుక్కుంటోందో తనకే తెలుసు, ఆ సంగతి తలుచుకోలేదు.

నాలుగూ పదకొండుకి రీతన్ వచ్చింది, ముందున్నచోటికి ఏడు మైళ్ళు ఉత్తరాన. వెంటనే ఫోన్ మోగింది.

"చూశావా అక్కా?" సున్వా గొంతు.

"చూశాను."

"పదకొండు నిమిషాలు! రానీ, నా మొగుడి సంగతి చెబుతాను."

"నావంతు కూడా నువ్వే చెప్పు," అంది మార్యున్. బూట్లు విప్పి, పొయ్యి వెలిగించి దుంపలు పడేసింది.