పాలపన్ను ఊడిన రోజు

మా బాబుకు ముందరి పాలపన్ను ఊగుతోందని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. వేరే తల్లులకు అది ముచ్చట. మావాడికి పుట్టుకతోనే నెత్తురు తొందరగా గడ్డకట్టని జబ్బుంది. అది నా పుట్టింటి వైపు నుంచి, నా ద్వారానే వాడికి వచ్చింది. మా అమ్మ తమ్ముడొకడు చిన్నతనంలో నాలుక కొరుక్కొని, నెత్తురు ఆగక చనిపోయాడట.

పన్ను చూపించడానికి, వాణ్ణి చూసే డాక్టరమ్మ దగ్గరికి కామారెడ్డి వెళ్లాలనుకుంటుండగానే, ఒక ఆదివారం పొద్దున వాడు వాకిట్లో జామకాయ కొరికాడు. "అమ్మా, ఊడింది!" అని నవ్వుతూ వచ్చాడు. నవ్విన నోరంతా ఎర్రగా ఉంది.

మా అత్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "పుక్కిలించి ఉమ్ము బిడ్డా, నోరు సాఫ్ అయితది."

నేను డాక్టరమ్మకు ఫోన్ చేసి, పుక్కిలించమనాలా అని అడిగాను.

"ఉమ్మనియ్యకమ్మా! ఉమ్మితే కట్టిన గడ్డ ఊడిపోతది. అసలు ఉమ్మిలోనే గడ్డను కరిగించే గుణం ఉంటది. సాఫ్ గుడ్డ తడిపి గట్టిగ కరిపించు. మింగనియ్యకు, కారింది తుడువు. జల్ది తీస్కరా."

నా భర్త పని మీద బీర్కూర్ పోయాడు. అత్తమ్మా నేనూ పిల్లవాణ్ణెత్తుకొని ఎల్లారెడ్డి బస్టాండుకు పరుగెత్తి, కదులుతున్న కామారెడ్డి బస్సెక్కాం. నా ఒళ్లో వాడు గుడ్డ కరిచిపట్టి కూర్చున్నాడు. పెదవుల సందుల్లోంచి గులాబీ రంగు చొంగ కారుతూనే ఉంది. అందులో ఉమ్మి ఎంతో, నెత్తురు ఎంతో తెలియలేదు. కొంగుతో తుడుస్తూ పోయాను.

"ఏమైందమ్మా పిలగానికి?" అన్నాడు కండక్టర్.

"పన్ను ఊడింది" అంది అత్తమ్మ.

"గంతేనా!" అని నవ్వాడు. నేను టికెట్ల డబ్బులు ఆయన చేతిలో పెట్టాను.

దారిలో బాబు గుడ్డ తీసి నా మొహంలోకి చూశాడు. "అమ్మా, నేను గూడ నాలుక కొరుక్కున్న గా తాత లెక్క సచ్చిపోతనా?"

ఆ సంగతి వాడికెవరు చెప్పారో!

అత్తమ్మ వాడి తల నిమిరింది. "గా తాతకు సూది లేకుండె బిడ్డా. నీకున్నది. గుడ్డ కరిచిపట్టు."

ఆస్పత్రిలో నెత్తురు గడ్డకట్టించే ఆ సూది వేశారు. మందులో తడిపిన గుడ్డ పెట్టి కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాటాక చొంగ తెల్లబడింది. నేను గోడకానుకొని ఏడ్చాను.

డాక్టరమ్మ వాడి చిగుళ్లు వేలితో తడిమి చూసింది. "వాపున్నది. నెత్తురొస్తదని బ్రష్ బంద్ చెయ్యొద్దు. చిగుళ్లు పాడైతే ఇంకా ఎక్కువ కారుతది. మెత్తటి బ్రష్ తీస్కో." తర్వాత నెమ్మదిగా అంది, "పక్క పన్ను గూడ కదులుతున్నదమ్మా. ఈసారి ముందుగాలనే రా."

ఆ గాయం మానింది. భయం మానలేదు. రోజూ పొద్దున వాడు పళ్లు తోముకుంటుంటే నల్లా పక్కనే నిలబడతాను. నురగ తెల్లగా ఉందని చూశాకే పొయ్యి వెలిగిస్తాను.