వదిలేసి వచ్చిన చెంబు మీద పేరు

ఈ సంగతి రాసి ఒక వారపత్రికకు మూడుసార్లు ఇచ్చాను. మొదటిసారి జవాబే లేదు. రెండోసారి తిరుగు టపాకు స్టాంపులు పెట్టి పంపాను. స్టాంపులు వాళ్లే ఉంచుకున్నారు. మూడోసారి నేనే వెళ్లాను. అక్కడ బల్ల వెనక కూర్చున్నాయన రెండు పేజీలు తిప్పి, "ఇందుల దయ్యం ఎక్కడొస్తది సార్?" అని కాగితాలు నా వైపు తోశాడు.

దయ్యం రాదు. వచ్చిందని నేనెప్పుడూ అనలేదు. దయ్యాలను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు చెప్తున్నాను, అంతే.

మేం అశోక్ నగర్‌లో పై వాటాలో కిరాయికి ఉంటాం. నాది ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా పని. పేర్లు కొట్టిన పాత ఇత్తడి, రాగి సామాన్లు పోగు చెయ్యడం నా పిచ్చి. ఈ పదేళ్లలో అందరూ ఇత్తడి ఇచ్చేసి స్టీలు తెచ్చుకున్నారు. చిక్కడపల్లిలో నర్సింలు అనే అతని పాత సామాన్ల దుకాణంలో బిందెలు, గంగాళాలు, మరచెంబులు గుట్టగా పడి ఉండేవి. అక్కణ్ణుంచి కరిగించడానికి పోయేవి. ప్రతి ఆదివారం పొద్దున ఆ గుట్ట ముందు పీట వేసుకొని కూర్చునేవాణ్ణి. చింతపండు తడిపి రుద్దితే నల్లటి మసి కింద నుంచి ఒక్కో అక్షరం తేలేది. ఎవరి పెళ్లికి ఏ మేనమామ పెట్టిన బిందెనో, ఎవరు పోతే ఎవరి జ్ఞాపకంగా పంచిన గిన్నెనో తెలిసేది. లోకంలో ఎవరికీ అక్కర్లేని పేరును నేనొక్కణ్ణే చదువుతున్నానన్న సంతోషం ఉండేది. కింది వాటాలో పరీక్షలకు చదివే పిల్లలు నన్ను చెంబుల సార్ అని నవ్వేవారు. నవ్వినవాళ్ల ముఖాలు నాకు గుర్తున్నాయి.

చూడగా చూడగా ఏ పేరు ఎవరి చేతిదో పోల్చగలిగాను. అందరిలోకి గొప్ప చెయ్యి యాదగిరిది. నారాయణగూడలో ఒక స్టీలు దుకాణం మెట్ల మీద కూర్చొని, చిన్న ఉలి, సుత్తితో చుక్క చుక్కగా పేర్లు కొట్టేవాడు. అందరూ మిషను తెచ్చుకున్నా అతను తెచ్చుకోలేదు. పేరు చివర తొమ్మిది చుక్కలతో ఒక చిలకను వేసేవాడు. ఆ చిలక ఇంకెవరికీ రాదు. నేను ఎన్నోసార్లు ప్రయత్నించాను, కాకి వచ్చింది.

మా ఆవిడ సుజాత మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఐదో నెలలో మా నానమ్మ చిన్న ఇత్తడి చెంబు పట్టుకొని యాదగిరి దగ్గరికి వెళ్లాను. మెడ దగ్గర వేలు పట్టేంత సొట్ట ఉన్న చెంబు అది. ఆడపిల్ల పుడితే మా అమ్మ పేరు పెట్టాలని అనుకున్నాం, ఆ పేరు కొట్టమన్నాను. అతను చెంబు తీసుకొని చూసి కింద పెట్టేశాడు.

"పుట్టనియ్యి సార్. పేరు పెట్టినంక రా, పైసలు గూడ తీస్కోను. ముందుగాల మాత్రం కొట్ట, బిడ్డకు మంచిది గాదు."

"నువ్వు పేర్లు కొట్టేటోనివా, పంతులువా?" అన్నాను.

"పేర్లు కొట్టేటోన్నే. గందుకే చెప్తున్న."

మెట్ల మీదున్న ఆడవాళ్లు నవ్వారు. ఏళ్ల తరబడి పరిచయం ఉండి పదిమందిలో నా మాట తీసేశాడు. చెంబు నువ్వే పెట్టుకో అని అక్కడే వదిలేసి వచ్చాను. మళ్లీ ఆ మెట్ల వైపు చూడలేదు.

ఏడో నెలలో బిడ్డ దక్కలేదు. చెంబు సంగతి సుజాతకు నేను చెప్పలేదు. తను గోడ వైపు తిరిగి పడుకున్న రోజులవి, చెప్పే సందు దొరకలేదు. తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది.

మరుసటి ఏడాది యాదగిరి చనిపోయాడు. అతని భార్య పనిముట్లు అమ్ముతోందని తెలిసి వెళ్లి ఉలి కొనుక్కున్నాను. కోపం వేరు, పనితనం వేరు. నా చెంబు గురించి అడిగితే ఇంట్లో అలాంటిది లేదంది. ఉలి ఇంటికి తెచ్చిన రోజే నా చేతిలోంచి బండల మీద పడి మొన ఒక పక్క చితికింది. ఏడ్చినంత పనైంది. గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది.

ఆ తర్వాత మాకు ఆడపిల్ల పుట్టింది. ఈసారి పేర్లు కొట్టే ఏ మనిషి దగ్గరికీ నేను వెళ్లలేదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి.

ఇరవై ఒకటో రోజు తొట్లె, పిల్లను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేడుక. పొద్దున పూలకని చిక్కడపల్లి బజారుకు వెళ్లి, అలవాటు కొద్దీ నర్సింలు దుకాణం ముందు ఆగాను. "సార్, మీకోసమే పక్కకు పెట్టిన" అని ఒక చెంబు చేతికిచ్చాడు. మెడ దగ్గర సొట్ట. వేలు పెట్టి చూశాను, పట్టింది. నా చెంబే. దాని మీద "చి. నీలాంబరికి" అని ఉంది, పక్కన చిలక ఉంది. అప్పుడు నాకు వచ్చింది భయం కాదు, కోపం. నా చెంబును యాదగిరి ఎవరికో అమ్ముకున్నాడు, వాళ్ల పిల్ల పేరు కొట్టి మరీ ఇచ్చాడు అనుకున్నాను. కొని పూల సంచిలో వేసుకొని ఇంటికి వచ్చాను.

పిల్లను తొట్లెలో వేశారు. మా అమ్మ పేరే పెడతామని అందరం అనుకుంటున్నాం. చెవిలో చెప్పే ముందు మా అత్తగారు ఎందుకో సుజాతను అడిగింది, "ఏం పేరు బిడ్డా?" అని.

"నీలాంబరి" అంది సుజాత.

మా రెండు కుటుంబాల్లో ఆ పేరు ఎవరికీ లేదు. తను ఆ పేరు అనడం నేను ఎన్నడూ వినలేదు. ఆలోచించకుండా సంచిలోంచి చెంబు తీసి అందరి ముందూ పెట్టాను. నా తెలివితక్కువ పని అదే.

మా బామ్మర్ది చెంబు తిప్పి చదివాడు. "ఏంది బావా, పుట్టకముందే కొట్టిచ్చినవా? ఇదేం పిచ్చి?"

తొట్లె ఊపుతున్న చేతులు ఆగిపోయాయి. సుజాత చెంబు వైపు చూడలేదు, నా ముఖం వైపే చూసింది.

"పోయినసారి గూడ కొట్టిచ్చినవా?"

లేదు అనడానికి నాకు ఒక్క క్షణం ఆలస్యమైంది. కొట్టించలేదు, నిజం. కానీ అడగడానికి వెళ్లాను కదా. ఆ క్షణాన్ని సుజాత చూసింది. ఆ తర్వాత నేను వంద ఒట్లు వేసినా ఆ క్షణం పోలేదు. తను నిద్రలో పలవరిస్తే ఆ పేరు విని నేను వెళ్లి కొట్టించానని సుజాత నమ్మకం.

నా మాట నిజమని తేల్చడానికి మరునాడు మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చొని భూతద్దం పెట్టి చూశాను. నా దగ్గరున్న యాదగిరి సామాన్లన్నిటి మీదా చుక్కలు గుండ్రంగా ఉంటాయి. ఈ చెంబు మీద ప్రతి చుక్కకూ కుడివైపు సన్నటి తోక ఉంది. బీరువా తీశాను. ఉలి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. ఒక పాత ఇత్తడి ముక్క మీద దానితో ఒక చుక్క కొట్టి చూశాను.

తోక వచ్చింది.

ఆ మొన చితికింది నా ఇంట్లో, యాదగిరి పోయిన తర్వాత. అంటే ఆ పేరు కొట్టింది అతను పోయాక, నా బీరువాలోని ఉలితో. చిలక మాత్రం అతనిది. సాక్ష్యం వెతకబోతే అది నా మీదికే తిరిగింది. అయినా దాచకుండా సుజాతకు చూపించాను. "తాళం నీ దగ్గరనే ఉంటది గద" అంది, అంతే.

నర్సింలు దగ్గరికి పరుగెత్తాను. "ముసలాయన తెచ్చిండు సార్. భుజం మీద తువ్వాల. తూకం ఎయ్యనియ్యలే, పైసలొద్దన్నడు. చెంబుల సార్‌కు ఇయ్యి, పేరు పెట్టినంక కొడ్తనంటి గద అని చెప్పుమన్నడు" అన్నాడు. ఆ మాట యాదగిరి నాతో అన్నప్పుడు నర్సింలు అక్కడ లేడు. ముఖం ఎట్లుంటదని అడిగితే ఏదో చెప్పబోయి, గిరాకీ వచ్చిందని లేచిపోయాడు.

సాక్షిగా మా బామ్మర్దిని వెంటబెట్టుకొని మళ్లీ వెళ్లాను. "నాకేం యాదికి లేదు సార్" అన్నాడు. మూడోసారి నన్ను చూడగానే షట్టర్ దించాడు. నాలుగేళ్లుగా ఇదే వరస.

ఇదెలా జరిగిందో నాకు తెలియదు. నేను కొట్టలేదు, కొట్టించలేదు. ఆ చెంబు మా అల్మారాలో ఉంది. పిల్లకు దాంట్లో సుజాత ఒక్కనాడూ నీళ్లు పోయలేదు. మొన్న పిల్ల కొత్తగా అక్షరాలు నేర్చుకొని, దాని మీద వేలు పెట్టి కూడబలుక్కొని చదివింది. "నాన్నా, ఇది నాదేనా? ఎవరు రాసిన్రు?" అని అడిగింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నేను ఏం చెప్తానో అని సుజాత వింటోంది.

నర్సింలూ, నీకు చదువు రాకపోతే ఎవరితోనైనా ఇది చదివించుకో. వచ్చే ఆదివారం పొద్దున సుజాతను తీసుకొని నీ దుకాణానికి వస్తున్నాను. షట్టర్ దించితే దాని ముందే కూర్చుంటాం. ఆ చెంబు తెచ్చిందెవరు? నాకు చెప్పకపోయినా సరే, ఆమెకు చెప్పు.